బరంపురం మేయర్ ఎన్నిక: అభ్యర్థుల మాటల్ని పక్కపక్కన పెట్టి చూసుకోవడం ఎలా?

ఒడిశాలోని మన బరంపురంలో తెలుగు ఇళ్ళల్లో రాత్రి భోజనాల వేళ టీవీ పెడితే వచ్చేవి విజయవాడ వార్తలు, హైదరాబాద్ వార్తలు. ఆంధ్రాలో ఏ నాయకుడు ఏ పార్టీలోకి దూకాడో మనకి నోటికొచ్చు. మన వీధి కాలువ తీయించాల్సిన కార్పొరేషన్‌లో నిన్న ఏం తీర్మానించారో మాత్రం తెలియదు. ఆ వార్త ఒడియా చానెల్లో వస్తుంది, సమాజ, సంబాద్ లాంటి ఒడియా పేపర్లలో వస్తుంది. ఒడియా గడగడా మాట్లాడతాం గానీ చదవమంటే తడబడతాం, మనలో చాలామంది పరిస్థితి ఇది. అందుకే మేయర్ ఎన్నిక వచ్చేసరికి "మనవాళ్ళెవరు?", "గెలిచేదెవరు?" అన్న రెండు మాటలతో ఓటు అయిపోతోంది. ఎవరు ఏం చేస్తామన్నారు అన్నది మధ్యలో ఎక్కడో జారిపోతోంది.

నేను బట్టల కొట్లో పద్దులు రాస్తాను. ముగ్గురు నేతగాళ్ళు ఒకే రకం పట్టు చీరకి మూడు ధరలు చెప్తే నోటిమాట మీద తేల్చం. జరీ ఎంత, బరువెంత, జాకెట్టు గుడ్డ కలిపేనా, ఎన్ని రోజుల్లో ఇస్తారు, ఇవన్నీ ఒకే కాగితం మీద పక్కపక్కన రాస్తాం. చవకగా కనిపించిన చీర అసలు చవకేనా అన్నది అప్పుడు తెలుస్తుంది. అభ్యర్థుల మాటలకీ ఇదే పద్ధతి పనికొస్తుంది. ఒక పుస్తకం, ఒక పెన్ను, ఎన్నికలకి ముందు ఓ నెల పాటు సాయంత్రం పావుగంట, అంతే కావాలి. కటక్‌లో, భువనేశ్వర్‌లో ఉన్న తెలుగువాళ్ళకీ ఇందులో చాలావరకు పనికొస్తుంది.

1. ముందు ఓటు సంగతి తేల్చుకోండి

2022 మార్చి 24న జరిగిన ఎన్నికల్లో ఒడిశాలో మొదటిసారి మేయర్‌ని జనమే నేరుగా ఎన్నుకున్నారు. అంతకుముందు కార్పొరేటర్లే ఎన్నుకునేవారు. భువనేశ్వర్, కటక్, బరంపురం మూడింటికీ ఆ రోజే పోలింగ్. మన ఊళ్ళో బీజేడీ (బిజూ జనతా దళ్) తరఫున సంఘమిత్ర దళేయి గెలిచారు. ఐదేళ్ళ గడువు లెక్కన తర్వాతి ఎన్నిక 2027లో రావాలి.

విశాఖలోనో శ్రీకాకుళంలోనో ఉన్న చుట్టాలతో ఈ మాటంటే "మేయర్‌కి జనం ఓటెయ్యడమేంటి, కార్పొరేటర్లు కదా ఎన్నుకునేది" అంటారు. వాళ్ళ దగ్గర అంతే. 2021లో విశాఖలో 98 వార్డులకి ఎన్నికలు జరిగాక కార్పొరేటర్లే మేయర్‌ని ఎన్నుకున్నారు. మన దగ్గర 42 వార్డుల్లో ప్రతి ఓటరూ రెండు ఓట్లు వేశారు, వార్డు కార్పొరేటర్‌కి ఒకటి, మేయర్‌కి ఒకటి. ఈ తేడా తెలియక మేయర్ ఓటుని కార్పొరేటర్ ఓటుకి తోకలా వేసేవాళ్ళు మనలో ఉన్నారు. ఒకే గుర్తు మీద రెండూ వేయాలని రూలేం లేదు.

నోటిఫికేషన్ రాగానే మూడు విషయాలు రాసుకోండి. ఎన్నిక పద్ధతి ఇలాగే ఉందా, చట్టమేమైనా మారిందా? మేయర్ సీటు ఎవరికి రిజర్వ్ అయింది? మీ ఇల్లు ఇప్పుడు ఏ వార్డు కిందికి వస్తుంది? వార్డుల హద్దులు మారుతుంటాయి కాబట్టి పోయినసారి నంబరు నమ్ముకోకండి. కార్పొరేషన్ ఓటర్ల జాబితా వార్డుల వారీగా ఉంటుంది, దాన్ని చూసేది రాష్ట్ర ఎన్నికల కమిషన్. అసెంబ్లీకి ఓటేశాం కదా అని ఊరుకోకుండా ఇంట్లో అందరి పేర్లూ ఇందులో ఉన్నాయో లేదో వెతకండి. కొత్త కోడళ్ళ పేర్లు, ఇల్లు మారినవాళ్ళ పేర్లు ఎక్కువగా గల్లంతయ్యేది ఇక్కడే.

2. మేయర్ చేతిలో ఉన్నదేది, లేనిదేది

ఈ మెట్టు దగ్గర తొందరపడొద్దు. పోలిక అంతా దీని మీదే నిలబడుతుంది.

1992లో చేసిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ సంస్థల కోసం 12వ షెడ్యూల్ అని ఒకటి పెట్టింది. అందులో 18 పనులున్నాయి. తాగునీరు, రోడ్లు, పారిశుద్ధ్యం, మురికివాడల అభివృద్ధి, వీధి దీపాలు, శ్మశానాలు అన్నీ వస్తాయి. చదివితే మేయరే ఊరికి రాజు అనిపిస్తుంది. కానీ ఆ పనుల్లో దేన్ని ఎంతవరకు అప్పగించాలన్నది రాష్ట్రం చేతిలో ఉంది. పైగా 2003 నాటి ఒడిశా మున్సిపల్ కార్పొరేషన్ చట్టం ప్రకారం పనులు నడిపించే అధికారం చాలావరకు కమిషనర్‌ది. కమిషనర్ ప్రభుత్వం వేసిన ఆఫీసరు. మేయర్ కార్పొరేటర్ల కౌన్సిల్ సమావేశం నడుపుతారు, కౌన్సిల్ బడ్జెట్ పాస్ చేస్తుంది, తీర్మానాలు చేస్తుంది. కాబట్టి "నేను రాగానే ఆర్డర్ వేస్తాను" అన్న అభ్యర్థిని "కౌన్సిల్లో ఎలా పాస్ చేయిస్తారు?" అని అడగాలి.

పుస్తకంలో మొదటి పేజీని మూడు భాగాలు చేయండి.

మొదటి భాగం, కార్పొరేషన్ సొంత పనులు. ఇంటింటి చెత్త, వీధి కాలువలు, లోపలి రోడ్లు, వీధి దీపాలు, దోమల మందు, ఊరి చెరువులు, పార్కులు, కార్పొరేషన్ మార్కెట్లు, వీధుల్లో తిరిగే ఆవులు, జనన మరణ పత్రాలు, ట్రేడ్ లైసెన్సు, హోల్డింగ్ ట్యాక్స్ అనే ఇంటి పన్ను. వీటి గురించి ఇచ్చిన మాటకి మేయర్‌నీ కౌన్సిల్‌నీ నిలదీయవచ్చు.

రెండో భాగం, మేయర్ అడగగలరు గానీ ఆర్డర్ వేయలేరు అనే పనులు. వీటిలో పెద్దది తాగునీరు. మనకి రుషికుల్య నుంచి, జానిబిలి నుంచి నీళ్ళు వస్తాయి. ఒడిశా పట్టణాల్లో నీటి సరఫరా నడిపేవి పబ్లిక్ హెల్త్ ఇంజినీరింగ్ విభాగం, వాట్కో లాంటి రాష్ట్ర సంస్థలు. మీ వీధికి నీళ్ళు రావడం లేదని మేయర్ గట్టిగా ఒత్తిడి తేగలరు, పైపులైనుకి కౌన్సిల్ నుంచి తీర్మానం పంపగలరు. వాల్వు తిప్పించే అధికారం మాత్రం వేరేచోట ఉంది. కొత్త లేఔట్లు, ఊరి మాస్టర్ ప్లాన్ బరంపురం డెవలప్‌మెంట్ అథారిటీవి, వాటినీ ఇక్కడే రాయండి.

మూడో భాగం, మేయర్‌కి సంబంధం లేనివి. కరెంటు టాటా పవర్ వాళ్ళ టీపీఎస్‌ఓడీఎల్ కంపెనీ చూస్తుంది. ఎంకేసీజీ ఆసుపత్రి రాష్ట్ర ఆరోగ్య శాఖది. ఊరి పక్కనుంచి పోయే 16వ నంబరు జాతీయ రహదారి కేంద్రం కింద ఉంది. పోలీసు, సర్కారు బడుల్లో టీచర్ల నియామకం రాష్ట్రానివి. ఎంకేసీజీలో డాక్టర్లని పెంచుతానని మేయర్ అభ్యర్థి ఎవరైనా అంటే, ఆ ఉద్యోగం ఏమిటో వాళ్ళకి తెలియదనుకోవాలి, లేదా మనకి తెలియదని వాళ్ళు అనుకుంటున్నారు. రెండూ రాసి పెట్టుకోవాల్సిన విషయాలే.

ఇకమీదట విన్న ప్రతి వాగ్దానం పక్కనా 1, 2, 3 అని నంబరు వేయండి. మొదటి వారంలోనే తెలుస్తుంది, మైకులో ఎక్కువగా వినిపించేది 3, తక్కువగా వినిపించేది 1.

3. మీ వీధి కష్టాలు మూడింటిని కొలవండి

ఊరి సమస్యలన్నీ ఒకేసారి పోల్చబోతే పుస్తకం రెండో రోజే మూలన పడుతుంది. మీ ఇంటికి, మీ వీధికి తగిలేవి మూడే ఎంచుకోండి. ఎంచుకున్నాక వాటిని అంకెల్లోకి తెచ్చుకోండి. ఇది చాలామంది చేయరు, కానీ అభ్యర్థి మాట దాటేయకుండా ఆపేది ఇదే.

మా ఇంట్లో వంటింటి క్యాలెండర్ మీద అత్తయ్య కుళాయి వచ్చిన టైము రాస్తుంది. ఎన్నికల కోసం మొదలుపెట్టింది కాదు, పనిమనిషికి చెప్పడానికి మొదలుపెట్టింది. ఓ నెల రాసేసరికి మాకే తెలియని సంగతి బయటపడింది. నీళ్ళు రాని రోజులు మేం అనుకున్నంత ఎక్కువేం కాదు. వచ్చిన రోజు ఎన్ని గంటలకి వస్తాయో తెలియకపోవడమే అసలు కష్టం. తెల్లవారుజామున నాలుగున్నరకి ఒకరోజు, ఆరుంపావుకి ఇంకోరోజు. మాకు కావాల్సింది టైము ప్రకారం వదలడం. "24 గంటలూ నీళ్ళు" అన్న పెద్ద మాట కన్నా "ఫలానా టైముకి వదిలేలా చూస్తాం, మారితే ముందురోజు చెప్పిస్తాం" అన్న చిన్న మాట మాకు ఎక్కువ పనికొస్తుంది. కొలవకపోతే ఈ తేడా తెలిసేది కాదు.

కాలువ సంగతి ఇంకోటి. మా గుమ్మానికి మూడు మెట్లున్నాయి. గట్టి వాన పడ్డప్పుడల్లా నీళ్ళు ఏ మెట్టు దాకా వచ్చాయో, ఎన్ని గంటలు నిలిచాయో తేదీ వేసి రాస్తాను. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన రాత్రిని ఇందులో కలపను. అంత పెద్ద విపత్తుకి కాలువని తప్పు పట్టలేం. జూలైలో మామూలు వానకి రెండో మెట్టు మునిగితే మాత్రం అది కాలువ తప్పే. ఒక ఏడాది ఈ కాగితం పట్టుకుని ఒక ఆఫీసుకి వెళ్తే అది మాది కాదు, ఇంకో ఆఫీసుకి వెళ్ళండన్నారు. అక్కడికెళ్తే మొదటి ఆఫీసే అన్నారు. మూడోసారి వెళ్ళేసరికి వానాకాలం అయిపోయింది. ఆ తిరుగుడు వల్లే నాకు పైన చెప్పిన మూడు భాగాల పేజీ గీయాలనిపించింది.

చెత్త బండి వారంలో ఎన్నిసార్లు వచ్చింది, వెలగని వీధి దీపాలు ఎన్ని, దోమల మందు చివరిసారి ఎప్పుడు కొట్టారు. ఇలాంటివి పిల్లలకి అప్పగించండి, హుషారుగా లెక్కపెడతారు.

4. పుస్తకం గీసుకోవడం

పొడుగు పద్దు పుస్తకం మంచిది. ఎడమ చేతి వైపు పేజీ మీద మీ మూడు సమస్యలు, కుడి వైపు ఒక్కో అభ్యర్థికి ఒక్కో గడి. పార్టీ పేరు పైన రాయకండి, మనిషి పేరు రాయండి. పార్టీ పేరు పైన కనిపిస్తే కింద రాసిన మాట మనం సరిగ్గా చదవం. ప్రతి మాటకీ తేదీ, ఎక్కడ విన్నారో రాయాలి: కరపత్రంలోనా, గేట్ బజార్ మీటింగులోనా, గుమ్మం ముందా, వాట్సాప్‌లోనా. వాట్సాప్‌లో వచ్చినది అభ్యర్థి సొంత వీడియో కాకపోతే పెన్సిల్‌తో రాయండి. నిజమని తేలాక పెన్నుతో దిద్దవచ్చు.

ఖాళీ గడిని ఖాళీగానే వదలండి. కాలువల గురించి ఒకరు ఏమీ అనలేదంటే అది కూడా ఆ మనిషి వైఖరే.

5. ఒడియా కరపత్రాన్ని చదివించుకోండి

మేనిఫెస్టోని ఒడియాలో ఇస్తాహార అంటారు. ఎన్నికల ముందు మన వీధుల్లో తెలుగు కరపత్రాలూ పంచుతారు. రెండింటినీ పక్కన పెట్టి చూస్తే తెలుగు కాగితం చిన్నది, నమస్కారాలు, ఫొటోలు ఎక్కువ. వివరాలు ఉండేది ఒడియా కాగితంలో. అందుకని తెలుగులో వచ్చినదాంతో సరిపెట్టుకోకండి. అసలు కాగితం తెప్పించుకోండి.

ఒడియా మీడియంలో చదివే పిల్ల ఇంట్లో ఉంటే ఆ పని ఆమెదే. మా చిన్నమ్మాయి వాక్యం చదివి తెలుగులో చెప్తుంది, నేను రాస్తాను. అర్థం చెప్పేటప్పుడు దాని సొంత మాటలు కలపకుండా వాక్యం ఉన్నదున్నట్టు చెప్పమనాలి. నాల అంటే మురుగు కాలువ, అళియా అంటే చెత్త, పానీయ జళ అంటే తాగునీరు, టికస అంటే పన్ను. ఈ నాలుగు మాటలు గుర్తుపట్టడం వస్తే ఇరవై పేరాల కాగితంలో మీకు కావాల్సినవి వేలు పెట్టి చూపించి చదివించుకోవచ్చు.

ఒక మాట దగ్గర మాత్రం ప్రతిసారీ ఆగండి: "పదక్షేప నిఆజిబ". చర్యలు తీసుకోబడతాయి అని. ఎవరు తీసుకుంటారో, ఎప్పటికి తీసుకుంటారో ఆ వాక్యంలో ఉండదు. మన తెలుగు కరపత్రాల్లోనూ "తగు చర్యలు చేపట్టబడును" అని ఇదే వస్తుంది. పోయినసారి ఒక కాగితంలో మా అమ్మాయి చేత ఇవి లెక్కపెట్టిస్తే పద్నాలుగు వచ్చాయి. మిగిలిన వాక్యాలు మూడు. పోల్చాల్సింది ఆ మూడింటినే.

6. ఒక మాటని విప్పి చూడటం

పని ఎలా చేయాలో ఒక ఉదాహరణతో చెప్తాను. అభ్యర్థులు ముగ్గురూ ఊహించినవాళ్ళే, మాటలు మాత్రం మనం రోజూ వినేవే. సమస్య కాలువలు.

మొదటి మనిషి: "బరంపురాన్ని నీటి ముంపు లేని నగరంగా తీర్చిదిద్దుతాం."
రెండో మనిషి: "అన్ని కాలువలకీ సిమెంటు వేసి పైన మూతలు పెడతాం."
మూడో మనిషి: "వానాకాలానికి ముందు, మే నెలాఖరులోగా ప్రతి వార్డులో పూడిక తీయించి, తీసిన మట్టిని మూడు రోజుల్లో ఎత్తిస్తాం."

మీటింగులో ఎక్కువ చప్పట్లు మొదటిదానికి పడతాయి. పుస్తకంలో రాశాక ఒక్కోదాన్నీ ఇవి అడగండి: ఏ పని? ఎవరు చేస్తారు? ఎప్పటికి? డబ్బెక్కడిది? చేయకపోతే మనకెలా తెలుస్తుంది?

మొదటి మాటకి ఒక్క జవాబూ రాదు. అది కోరిక, అందరికీ ఉన్నదే. రెండో మాటకి ఏ పనో తెలుస్తుంది, కనిపించే పని కూడా. అయితే మూతలు పెట్టాక లోపల పూడిక ఎవరు, ఎలా తీస్తారు? మనుషుల్ని కాలువలోకి దింపుతారా? 2013లో వచ్చిన చట్టం చేతులతో మలం ఎత్తించడాన్ని నిషేధించింది, రక్షణ సామగ్రి లేకుండా మనుషుల్ని మురుగులోకి దింపకూడదు. మరి మెషిన్లు ఎన్ని కొంటారు? 42 వార్డులకీ సిమెంటు కాలువలంటే ఒక్క పదవీకాలంలో అవుతుందా, ఏ వార్డుతో మొదలుపెడతారు? ఈ ప్రశ్నలు పక్కన రాసి, జవాబు కోసం చోటు వదలండి. మూడో మాట చిన్నగా ఉంది, పోస్టరు మీద బాగుండదు. కానీ ఏ పని, ఎప్పటికి అన్నవి రెండూ ఉన్నాయి. జూన్ ఒకటో తారీఖున గుమ్మం దిగి చూస్తే చేశారో లేదో మీకే తెలుస్తుంది. తీసిన మట్టి కాలువ గట్టున కుప్పలుగా ఉండి మొదటి వానకే మళ్ళీ లోపలికి జారడం మనం చూస్తున్నదే. మూడు రోజుల్లో ఎత్తిస్తాం అన్నారంటే ఆ మనిషి కాలువ దగ్గర నిలబడి చూశారనే నా నమ్మకం.

అంతమాత్రాన మూడో మనిషికే ఓటెయ్యమని నేననను. పల్లపు వీధుల్లో ఎంత పూడిక తీసినా నీళ్ళు పోవు, కాలువ వాలు మార్చాల్సిందే, అక్కడ రెండో మనిషి మాటే నయం కావచ్చు. మీ వీధి ఏదో మీకు తెలుసు.

7. డబ్బు గురించి అడగకపోతే పోలిక సగమే

కార్పొరేషన్ సొంత రాబడి ప్రధానంగా హోల్డింగ్ ట్యాక్స్, మార్కెట్ అద్దెలు, లైసెన్సు ఫీజులు, చెత్తకి వసూలు చేసే యూజర్ ఫీజు. మిగతాది రాష్ట్రం ఇచ్చేది, ఫైనాన్స్ కమిషన్ గ్రాంట్లు, పథకాల డబ్బు. ఒకే అభ్యర్థి పన్ను తగ్గిస్తానని, దీపాలన్నీ కొత్తవి వేస్తానని, చెత్త ఫీజు తీసేస్తానని మూడూ అంటే, ఆ మూడింటినీ ఒకే గడిలో రాసి కింద గీత గీయండి. రాబడి తగ్గి ఖర్చు పెరిగిన పద్దు ఎలా తేలుతుందో కొట్లో కూర్చునేవాళ్ళకి చెప్పనక్కర్లేదు.

"పైన మా ప్రభుత్వమే ఉంది, డబ్బులు తెస్తాం" అన్న మాట చాలా గట్టిగా వినిపిస్తుంది. దాన్ని తీసిపారేయలేం, కానీ దాని మీదే ఆధారపడకూడదు. 2022లో బీజేడీ టికెట్ మీద గెలిచిన మేయర్లు బీజేడీ ప్రభుత్వంతో మొదలుపెట్టారు. 2024 జూన్‌లో రాష్ట్రంలో బీజేపీ ప్రభుత్వం వచ్చింది. మేయర్ పదవీకాలం ఐదేళ్ళు, పైన ప్రభుత్వం మధ్యలో మారొచ్చు. కాబట్టి అడగాల్సింది: "పైనుంచి డబ్బు రాని ఏడాది ఏ పని ఆపరు?"

8. గుమ్మం ముందుకి వచ్చినప్పుడు

అందరికీ ఒకే ప్రశ్న, ఒకే మాటల్లో వేయండి. ఒకరిని మెత్తగా, ఒకరిని గద్దించి అడిగితే జవాబులు పోల్చలేం. ప్రశ్న చిన్నగా ఉండాలి, వాళ్ళ వెనక డప్పులుంటాయి, ముందు ఇంకో వంద గుమ్మాలుంటాయి.

2022లో వార్డుకి నిలబడిన అబ్బాయి ఒకరు మా అత్తయ్య కాళ్ళకి దండం పెట్టి "అమ్మా, అన్నీ చేస్తాం, ఆశీర్వదించండి" అన్నారు. ఆవిడ తల మీద చెయ్యి పెట్టే ఉంచి "అన్నీ వద్దు బాబూ, మొదటి ఏడాది ఏదొక్కటి చేస్తావో చెప్పు" అంది. ఆ అబ్బాయి కాసేపు ఆగి, మూల మీది దీపం వేయిస్తానన్నారు. వెనకున్నవాళ్ళు నవ్వారు గానీ నాకు ఆ ప్రశ్న కన్నా మంచిది ఇప్పటికీ దొరకలేదు. మేయర్ అభ్యర్థినైనా ఇదే అడగండి. జవాబు వచ్చాక వాళ్ళ ఎదురుగానే రాయండి, తేదీ వేయండి. రాస్తున్నది చూస్తే చెప్పే మాటలో జాగ్రత్త వస్తుంది.

మేయర్ అభ్యర్థి మీ గుమ్మం దాకా రాకపోవచ్చు. నాలుగైదు ఇళ్ళవాళ్ళు కలిసి ఒకే కాగితం మీద మూడు ప్రశ్నలు ఒడియాలో రాయించి, అందరు అభ్యర్థుల ఎన్నికల ఆఫీసులకీ ఒకే రోజు ఇవ్వండి. ఎవరు ఎన్ని రోజులకి జవాబిచ్చారు, ఎవరు ఇవ్వలేదు అన్నది పుస్తకంలో ఒక వరుస.

9. చెప్పినదాని పక్కన చేసినది

నామినేషన్‌తో ఇచ్చే అఫిడవిట్‌లో కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు ఉంటాయి. రిటర్నింగ్ అధికారి ఆఫీసులో అడిగి చూడండి. కేసు ఉండటం వేరు, శిక్ష పడటం వేరు, అది గుర్తుంచుకుని ఏ సెక్షన్ కిందో చదివించుకోండి.

ఇంతకుముందు పదవిలో ఉన్నవాళ్ళు మళ్ళీ నిలబడితే పాత కరపత్రం కావాలి. మన ఇళ్ళల్లో అది అల్మారా అరల్లో పరిచిన కాగితాల్లోనే దొరుకుతుంది, నిజంగానే వెతకండి. అందులోని మాటలు ఒక గడిలో, జరిగినవి పక్క గడిలో. కొత్తవాళ్ళకి ఈ పరీక్ష ఉండదు కదా అంటే, వాళ్ళు వార్డులో ముందు ఏం చేశారో అడగండి: సంఘం నడిపారా, స్కూలు కమిటీలో ఉన్నారా, వరదప్పుడు కనిపించారా.

కౌన్సిల్ సమావేశాలు ఎన్ని జరిగాయి, మీ వార్డులో పూడికతీతకి ఎంత ఖర్చయింది లాంటివి సమాచార హక్కు కింద అడగవచ్చు. ఒడిశాలో ఫారం ఏ నింపాలి, గుర్తింపు కార్డు జెరాక్స్ పెట్టాలి, పది రూపాయల కోర్టు ఫీ స్టాంపు అంటించవచ్చు. దరఖాస్తు ఒడియాలో గానీ ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ రాయండి, తెలుగులో రాస్తే కుదరదు. జవాబుకి 30 రోజుల గడువు. ప్రచారం మొదలయ్యాక వేస్తే ఓటు వేశాక జవాబొస్తుంది, కాబట్టి రెండు మూడు నెలల ముందే వేయండి.

10. "తెలుగువాళ్ళ కోసం" అన్న వరుస

ఈ వరుస విడిగా గీయండి, ఎందుకంటే మన దగ్గరికి వచ్చేసరికి మిగతా సమస్యలన్నీ పక్కకిపోయి ఇదొక్కటే మాట్లాడతారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడక ముందు ఈ గంజాం అంతా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. వి.వి.గిరి పుట్టింది ఈ ఊళ్ళోనే. ఊరి అమ్మవారు బుడి ఠాకురాణి జాతర మన నేతవాళ్ళు తమ కులపెద్ద దేశిబెహరా పెద్దరికంలో రెండేళ్ళకోసారి చేసేది. మనం ఈ ఊరికి పరాయివాళ్ళం కాదు. ఈ మాటలే మైకులో విన్నప్పుడు నాకూ గుండె పొంగుతుంది. పొంగిన గుండెతో ఓటేసి వచ్చాక తెలుగు బడిలో టీచరు లేని క్లాసు అలాగే ఉంటుంది.

తెలుగు టీచర్లని వేయిస్తామన్న మాటకి నంబరు 3, అది రాష్ట్ర విద్యాశాఖ పని. మేయర్ చేయగలిగిన తెలుగు పనులు వేరే ఉన్నాయి. హోల్డింగ్ ట్యాక్స్ నోటీసు వెనక తెలుగు వివరణ, చెత్త బండి మైకులో తెలుగు ప్రకటన, తుఫాను హెచ్చరికలు తెలుగులో, జనన మరణ పత్రాల కౌంటర్‌లో తెలుగు చదవగలిగిన ఒక మనిషి, జాతర నెలలో చేసే శుభ్రతలో ఎంత భాగం మిగతా నెలల్లోనూ ఉంటుందో ఒక హామీ. వీటిలో ఏదొకటి తమంతట తాము చెప్పిన అభ్యర్థి ఉంటే ఆ గడికి నక్షత్రం పెట్టండి.

మనవాళ్ళు నిలబడితే ఏం చేయాలి? నాకూ మనవాళ్ళంటే ఇష్టమే. మొదటి పేజీ నుంచి పదో వరుస దాకా వాళ్ళకీ అవే ప్రశ్నలు వేయండి. జవాబులు సమానంగా వస్తే మనవాళ్ళకి వేయండి, తప్పేం లేదు. జవాబు లేకుండా మన భాష ఒక్కటే ఉంటే, మెట్టు మీదికి వచ్చిన నీళ్ళు భాష చూసి వెనక్కి పోవు.

11. తేల్చుకోవడం

పోలింగుకి రెండు రోజుల ముందు పుస్తకం మూసేయండి, కొత్త వీడియోలు చూడకండి. ఇంట్లో అందరూ కూర్చుని నంబరు 1 ఉన్న మాటల్నే పైకి చదవండి. ఎవరి గడిలో తేదీ, డబ్బు, చేసే మనిషి మూడూ ఉన్న మాటలు ఎక్కువున్నాయో కనిపిస్తుంది. ఇద్దరి మధ్య తేలకపోతే మీ మూడు సమస్యల్లో మొదటిదాన్ని బట్టి తేల్చండి. ఇంట్లో అందరూ ఒకరికే వేయాలని పట్టుపట్టకండి, అత్తయ్యకి నీళ్ళు ముఖ్యం, చదువుకునే పిల్లకి వీధి దీపం ముఖ్యం.

లెక్కింపు అయ్యాక గెలిచిన మనిషి గడిలోని మాటల్ని కొత్త పేజీ మీదకి ఎత్తి రాయండి, ఒక్కోదానికీ వాళ్ళే చెప్పిన గడువు తేదీ వేయండి. మా పుస్తకం క్యాలెండర్ మేకుకే వేలాడుతోంది. వచ్చే జూన్ ఒకటిన కాలువ చూడాలని అత్తయ్య ఇప్పటికే పెన్సిల్‌తో గుండ్రం చుట్టింది.